మినుముకు మామిడి ఎండాకు, గెనిమల (గట్ల) మీది పచ్చాకు, వేప కషాయం: ఏది ఎంత?

ప్రశ్న (పూతలపట్టు):
బోరు కింద ఎకరా మినుము పెట్టాల. ఎర్రనేల. గెనిమల మీద కానగ, వేప, గ్లైరిసీడియా ఉండాయి. పక్క మామిడి తోపులో ఎండాకు కుప్పలు కుప్పలుగా పడి ఉంది. యూరియా, డీఏపీ లేకుండా ఈ ఆకుతోనే సరిపెట్టొచ్చా? తెల్లదోమకు వేపాకు కషాయం ఎప్పుడు కొట్టాల?

జవాబు (చంద్రగిరి):
మామిడాకు మాత్రం ఇప్పుడు కయ్యలో దున్నేయొద్దన్నా. ఎండాకులో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. అది కుళ్ళేటప్పుడు నేలలో ఉన్న నత్రజనిని సూక్ష్మజీవులు లాక్కుంటాయి. మినుము వేర్ల మీద నత్రజని అందించే బుడిపెలు పనిలోకి వచ్చేసరికి మూడు వారాలు పడుతుంది, ఆ లోపలే మొక్క పాలిపోతుంది. పైగా సగం కుళ్ళిన ఆకుంటే ఎర్రనేలలో చెదలు పడతాయి. గుంతలో పేడనీళ్ళు చల్లుతూ పొరలుగా వేసి వచ్చే ఏడాదికి ఎరువు చేసుకోండి. ఓపిక లేకుంటే మామిడి పాదుల్లోనే కప్పేయండి.

పచ్చాకు సంగతి వేరు. కానగ, గ్లైరిసీడియా లేత కొమ్మలు విత్తడానికి మూడు వారాల ముందు, నేలలో తడి ఉండగా కలియదున్నాల. వేలి లావు దాటిన కట్టె ఏరేయండి. విత్తే ముందు పిడికెడు మట్టి తీసి చూడండి. ఆకు ఈనె వేళ్ళ మధ్య చిదిగిపోతే సరే, పీచులా సాగితే ఇంకో వారం ఆగాల.

అసలు చిక్కు భాస్వరం. మినుముకు ఎకరాకు 20 కిలోలు సిఫారసు, ఆకులో అది నామమాత్రం. చివికిన పశువుల ఎరువు 4 టన్నులు తోలితే అందులో సగం దాకా అందుతుంది. ఆకు ఎంత వేసినా ఆ లోటు తీరదు.

జవాబు (శ్రీకాళహస్తి):
ఎకరా విత్తనానికి రైజోబియం (ఆ బుడిపెలు కట్టించే మేలు సూక్ష్మజీవుల పొడి) 200 గ్రాములు, చల్లార్చిన బెల్లంపాకంలో కలిపి పట్టించి, నీడలో ఆరబెట్టి అదే రోజు విత్తండి. పట్టించిన విత్తనానికి కషాయాలేవీ తగలనీయొద్దు.

మీరడిగిన వేపాకు కషాయాన్నే నీమాస్త్రం అంటారు. దాని కొలత: రుబ్బిన వేపాకు 5 కిలోలు, ఆవు మూత్రం 5 లీటర్లు, పేడ కిలో, నీళ్ళు 100 లీటర్లు. నీడలో 24 గంటలు, రెండుపూటలా కర్రతో తిప్పాల. ప్లాస్టిక్ డ్రమ్ము వాడండి, ఇనుపది వద్దు. రెండు మడతల గుడ్డలో వడకట్టకపోతే నాజిల్ పూడిపోయి సగం పొద్దు దాన్ని ఊదడానికే సరిపోతుంది. ఇందులో నీళ్ళు కలిపే పని లేదు.

విత్తిన 15 రోజులకు మొదలుపెట్టి వారం, పది రోజులకొకసారి కొట్టండి. తెల్లదోమ ఆకు అడుగున ఉంటుంది కాబట్టి నాజిల్ కింది నుంచి పైకి తిప్పాల. సాయంత్రమే కొట్టాల, వేపలోని మందు గుణం ఎండకు విరిగిపోతుంది.

ప్రశ్న వేసిన రైతు:
దోమ ఎక్కువైతే వేపాకు మోతాదు పెంచొచ్చా?

జవాబు (శ్రీకాళహస్తి):
చిక్కన చేస్తే లేత ఆకు అంచులు మాడతాయి. వేప బలం ఆకులో కన్నా గింజపప్పులో ఎక్కువ. 5 కిలోల పప్పు పొడి గుడ్డలో కట్టి 10 లీటర్ల నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పిండి, 100 గ్రాముల సబ్బుపొడి వేసి 100 లీటర్లు చేసుకోండి.

జవాబు (చంద్రగిరి):
ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులును (ఆకుల మీద పసుపు మచ్చలు వచ్చే రోగం) ఏ కషాయమూ నయం చెయ్యదు, అది వైరస్. పసుపు మచ్చ కనబడిన మొక్కను ఆ రోజే పీకి పూడ్చండి. విత్తనం ఇంకా కొనకపోతే తిరుపతి పరిశోధనా స్థానం వాళ్ళ టీబీజీ-104 మినుము రకం అడగండి, పల్లాకును తట్టుకుంటుంది.