సైన్స్ ఫెయిర్: మోడల్ చాలదట, ప్రయోగం కావాలట

ఏడోక్లాసు అమ్మ: మావాడికి అగ్నిపర్వతం మోడల్ మీద మనసు పడింది. టీచరేమో శాస్త్రీయ పద్ధతిలో చేసుకు రమ్మన్నారు. పరికల్పన (ముందే రాసుకునే ఊహ), చరరాశులు (ప్రయోగంలో మార్చేవి, కొలిచేవి) అని ఓ కాగితం కూడా ఇచ్చారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఇంట్లో ఒకటే టెన్షన్. చేయించినవాళ్లు ఉంటే చెప్పండి.

సైన్స్ మాస్టారు: అగ్నిపర్వతాన్ని మానేయక్కర్లేదండీ. వంటసోడాలో వెనిగర్ పోస్తే పొంగుతుందని ముందే తెలుసు కాబట్టి, అందులో తేల్చాల్సిందేమీ లేదు. అదే "వెనిగర్ వేడిగా ఉంటే నురగ ఇంకా పైకి వస్తుందా?" అని అడిగితే ప్రయోగం అవుతుంది. వేడి ఒక్కటే మార్చండి. సోడా, వెనిగర్ కొలతలు, గ్లాసు మారకూడదు.

దారం_గుండు: నురగ ఎత్తు కొలవడం తలనొప్పి, స్కేలు పెట్టేలోపే దిగిపోతుంది. పక్కనే స్కేలు నిలబెట్టి ఫోన్‌లో వీడియో తీస్తే కొంత నయం. మా అమ్మాయి లోలకం చేసింది. దారానికి ఇనుప నట్టు కట్టి ఊపడమే. ఒక్క ఊపుకు టైమ్ చూస్తే స్టాప్‌వాచ్ నొక్కడంలో ఆలస్యమే లెక్కంతా చెడగొడుతుంది. 20 ఊపులకు చూసి 20తో భాగించమన్నాను. దారం 25 సెం.మీ. ఉంటే ఊపు వెళ్లి రావడానికి దాదాపు 1 సెకను, 100 సెం.మీ. ఉంటే 2. పొడవు నాలుగింతలైతే సమయం రెట్టింపే అవుతుందని గ్రాఫ్ గీశాక తనే పట్టుకుంది.

జడ్జిగా వెళ్తుంటా: ఆ లోలకంలోనే ఓ మెలిక ఉంది. "బరువు పెరిగితే నిదానంగా ఊగుతుంది" అని రుజువు చేసి తెచ్చే పిల్లలు కనిపిస్తుంటారు. చూస్తే నట్ల కింద నట్లు వేలాడదీసి ఉంటారు. బరువుతోపాటు లోలకం పొడవూ పెరిగిపోయింది కదా! నట్లన్నీ ఒకే కొక్కేనికి తగిలించాలి, పొడవును పైముడి నుంచి నట్ల మధ్య వరకు కొలవాలి. మరీ పెద్ద ఊపు కూడా ఇవ్వొద్దు.

ఒక్కటే మార్చడం ఎందుకో చూడండి. 1747లో జేమ్స్ లిండ్ అనే నౌకాదళ వైద్యుడు స్కర్వీ (విటమిన్ సి లోపంతో వచ్చే జబ్బు) వచ్చిన 12 మంది నావికులను ఇద్దరిద్దరుగా విడదీసి, అందరికీ ఒకే భోజనం పెట్టి, ఒక్కో జతకు ఒక్కో మందు ఇచ్చాడు. నారింజ, నిమ్మ తిన్న ఇద్దరు అందరికంటే త్వరగా కోలుకున్నారు. భోజనాలు కూడా వేరైతే ఏది పనిచేసిందో ఎలా చెప్పేవాడు?

ఏడోక్లాసు అమ్మ: లోలకమే చేస్తానంటున్నాడు. కానీ బరువైతే త్వరగా ఊగుతుందని ఇప్పటికే రాసేశాడు. తప్పని తేలితే మార్కులు పోవా?

సైన్స్ మాస్టారు: పోవు. ఆ వాక్యం కొట్టేయనివ్వకండి, తేదీ వేయించండి. ఫలితం చూశాక పరికల్పనను దిద్దితే అది ఊహ కాదు, కాపీ.

దారం_గుండు: దిద్దడం తప్పే కానీ, "ఎందుకు అనుకున్నావు?" అన్నదానికి జవాబు ఉండాలి. ఉత్తినే ఊహించినదానికి అంత విలువేముంటుంది?

జడ్జిగా వెళ్తుంటా: నేనూ మొదట అదే అడుగుతాను. తర్వాత నోట్‌బుక్ చూస్తాను. ఎంత అందమైన చార్టు తెచ్చినా, కొట్టివేతలు, తడి మరకలు ఉన్న పుస్తకాన్నే ఎక్కువ నమ్ముతాను. ప్రతి పొడవుకూ మూడుసార్లైనా కొలవమనండి. మూడింటిలో ఒకటి తేడాగా వస్తే చెరిపేయకుండా, కారణం ఏమై ఉంటుందో పక్కనే రాయమనండి.

ఏడోక్లాసు అమ్మ: నట్లు, దారం తెచ్చాం. కొక్కేనికి పేపర్ క్లిప్ సరిపోతుందా?

దారం_గుండు: సరిపోతుంది. వంచి, బరువుకు జారకుండా టేపు వేయండి.