రాత్రి రెస్టారెంట్‌లో తింటే గుండెల్లో మంట, ఆర్డర్ ఎలా పెట్టుకోవాలి?

అందరికీ నమస్తే. పని మీద వేరే ఊళ్లో ఉంటున్నా, రూమ్‌లో వండుకునే వీల్లేదు, రోజూ ఇక్కడి రెస్టారెంట్లే. కొత్త కొత్త చోట్ల తినడం నాకు నిజంగా ఇష్టం, అది మానేయాలని లేదు.

డ్యూటీ అయ్యేసరికి రాత్రి 9, తినేసరికి 9:30 దాటుతుంది, పొద్దున్నే లేవాలి కాబట్టి 10:30 కల్లా పడుకుంటా. ఒంటిగంట ప్రాంతంలో గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు, గొంతులోకి ఎగదన్నుతున్నట్టు ఉంటుంది. అదే ఐటమ్ అక్కడే మధ్యాహ్నం తింటే ఏమీ కాదు, సో తిండి పాడై ఉంటుందని అనుకోవట్లేదు. మింగడంలో ఇబ్బంది, బరువు తగ్గడం లాంటివేం లేవు.

కారం తగ్గించమని చెప్పి చూశా, సగమే తిని చూశా, కాఫీ, కూల్‌డ్రింక్స్ మానేశా, ఎడమ వైపు తిరిగి పడుకుంటున్నా. యాంటాసిడ్ వేసుకుంటే కాసేపు తగ్గి మళ్లీ మొదలు. దిండ్లు ఎత్తు పెడితే పొట్ట మడతపడి ఇంకా ఎక్కువైంది, మంచాన్నే తలవైపు 15-20 సెంటీమీటర్లు లేపాలంటారు గానీ లాడ్జి మంచానికి అది కుదరదు. తిన్నాక పడుకోడానికి 3 గంటల గ్యాప్ కావాలని తెలుసు, నా టైమింగ్స్‌లో అవ్వదు. నూనె, కొవ్వు ఎక్కువుంటే కడుపు ఖాళీ అవడం లేటవుతుంది కాబట్టి నా అనుమానం దాని మీదే, కానీ మెనూ చూస్తే ఏది ఎంత నూనెతో చేస్తారో ఎలా తెలుస్తుంది.

ఇలా లేట్‌గా తినక తప్పని వాళ్లు, తెలియని రెస్టారెంట్‌లో రాత్రిపూట తేలిగ్గా అరిగేది కావాలంటే ఆర్డర్ ఇచ్చేముందు వెయిటర్‌ని ఏం అడుగుతున్నారు?