టూ స్ట్రోక్ క్వాడ్ బైక్ గేర్ ఆయిల్ మార్చాలి, పాల టీ రంగులో వచ్చింది

పర్లాకిమిడి జీడితోట రైతు:

అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర పల్లె. కొండవాలులో మూడెకరాల జీడితోట ఉంది. ఎరువు బస్తాలు, కంచె రాళ్లు పైకి చేర్చడానికి పోయినేడు సముద్రం ఒడ్డున ఒక రిసార్టువాళ్ల దగ్గర పాత యమహా బ్లాస్టర్ అనే నాలుగు చక్రాల క్వాడ్ బైక్ కొన్నాను. 195 సీసీ, టూ స్ట్రోక్, గాలితో చల్లబడే ఇంజను.

కొన్నప్పుడు నాతో అన్న మాట: "ఇది టూ స్ట్రోక్ కదా, 2టీ ఆయిల్ పోస్తే చాలు, మార్చేది ఇంకేమీ లేదు." నమ్మాను. 2టీ డబ్బా మాత్రం ఎప్పుడూ ఖాళీ కానివ్వలేదు. పోయిన నెల వానల్లో తోటకు వెళ్లే గెడ్డ రెండుసార్లు దాటాను, నీళ్లు ఇంజను సగం దాకా వచ్చాయి. అప్పటినుంచి సెకండ్ గేరులో గరగర, చడావు ఎక్కుతుంటే క్లచ్ జారుతోంది. నిన్న ఇంజను అడుగున బోల్టు విప్పితే పాల టీ రంగులో ఆయిల్ వచ్చింది. సీసాలో కొలిస్తే 450 మిల్లీలీటర్లు. చాలా టెన్షన్‌గా ఉంది. అసలు ఎంత ఉండాలి? ఏ ఆయిల్ పోయాలి? షాపులో ఒకరు కారు ఆయిల్ అంటున్నారు, ఒకరు 90 గేర్ ఆయిల్ అంటున్నారు.

గుణుపురం మెకానిక్:

బాబూ, ముందు బండి స్టార్ట్ చేయకు. మీకు చెప్పిన మాట తప్పు. 2టీ ఆయిల్ పెట్రోలుతో కలిసి క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు), పిస్టన్ తడిపి కాలిపోతుంది. గేర్లకు అది ఒక్క చుక్క కూడా అందదు. గేర్‌బాక్స్‌కీ క్లచ్‌కీ వేరే అర ఉంది, అందులో ఆయిల్ వేరు. ఆ బండికి ఆయిల్ మార్చినప్పుడు 650 మిల్లీలీటర్లు పోయాలి. ఇంజను మొత్తం విప్పి కడితే 700 పడుతుంది.

కారు ఆయిల్ వద్దు. నీ బండి క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతాయి. కారు ఆయిళ్లలో చాలావాటికి రాపిడి తగ్గించే మందులు కలుపుతారు, దాంతో క్లచ్ ఇంకా జారుతుంది. 90 గేర్ ఆయిల్ కూడా క్లచ్ లేని గేర్‌పెట్టెలకు చేసింది. ఫోర్ స్ట్రోక్ మోటార్ సైకిల్‌కు పోసే 10డబ్ల్యూ30 తీసుకో, డబ్బా వెనక జాసో ఎంఏ అని ఉండాలి. ఆ రెండక్షరాలు తడి క్లచ్‌కు పనికొస్తుందని చెప్పే గుర్తు.

పాల టీ రంగంటే నీళ్లు కలిశాయి. నీళ్లతో చల్లబడే బండయితే వాటర్ పంపు సీలు అనుమానించేవాణ్ణి. నీది గాలిది కాబట్టి గెడ్డ నీళ్లే. కడగడానికి డీజిల్, కిరోసిన్ పోసి ఇంజను తిప్పేవాళ్లున్నారు. మీరు ఆ పని చేయొద్దు, బేరింగులు పాడవుతాయి. మామూలు ఆయిల్ పోసి, అయిదు పది నిమిషాలు నెమ్మదిగా తిప్పి, వేడిగా ఉండగానే దించేయండి. రంగు మారకపోతే మళ్లీ అదే. శుభ్రంగా వచ్చాక మంచి ఆయిల్.

బోల్టు కింద వాషర్ కొత్తది వేయండి. బిగించేటప్పుడు చేతి బలం చూపించొద్దు. ఇంజను పెట్టె అల్యూమినియం, మరలు ఒకసారి తెగితే మళ్లీ చేయించడం పెద్ద పని. బోల్టు కొనకు మెత్తటి బూడిద రంగు ముద్ద అంటుకుంటే అది మామూలు అరుగుదల. పలుకులు, ముక్కలు కనిపిస్తే ఫోటో పెట్టండి.

నాకు అసలు దిగులు ఆ 450 మీద. నీళ్లు కలిసి కూడా తక్కువుందంటే మొదటే తక్కువ పోసి ఉండాలి, లేదా ఇంజను తాగేస్తూ ఉండాలి. క్లచ్ వైపు క్రాంక్ సీలు, అంటే ఆయిల్ దాటకుండా ఆపే రబ్బరు రింగు, అరిగితే గేర్ ఆయిల్ క్రాంక్ అరలోకి పీల్చుకుపోయి తెల్లపొగగా బయటికొస్తుంది, నేల మీద చుక్క కూడా కారదు. అందుకే పోసింది కొలిచి పోయండి, పదిహేను రోజులకు దించి మళ్లీ కొలవండి.

బరంపురం నుంచి, పాత బళ్లు నడిపేవాడు:

అన్న చెప్పింది నిజం. ఒక్కటి కలుపుతాను. గేర్‌బాక్స్‌కు గాలి పీల్చే సన్నటి గొట్టం ఉంటుంది. వేడి ఇంజను చన్నీళ్లలో దిగితే లోపలి గాలి ముడుచుకుని, ఆ గొట్టం కొస మునిగి ఉంటే నీళ్లు లాగేస్తుంది. నా బండికి అలాగే అయింది. పొడుగు రబ్బరు గొట్టం తొడిగి హ్యాండిల్ దగ్గరికి తెచ్చి కట్టాను, మరి నీళ్లు రాలేదు.

పర్లాకిమిడి జీడితోట రైతు:

ఇద్దరికీ చేతులెత్తి నమస్కారం. మూడుసార్లు పోసి దించాను, మూడోసారికి తేనె రంగులో వచ్చింది. బోల్టుకు ముద్ద తప్ప పలుకులు లేవు. గొట్టం చూస్తే ఇంజను వెనకే విరిగి వేలాడుతోంది, మార్చి పైకి కట్టాను. పదహారు రోజులు నడిపి నిన్న దించి కొలిచాను: 640. పొగ మామూలే. సెకండ్ గేరు గరగర పోయింది, క్లచ్ మాత్రం నిండు బస్తాలతో కొంచెం జారుతోంది.

గుణుపురం మెకానిక్:

640 వచ్చిందంటే సీలు బాగుంది, పాతవాళ్లే తక్కువ పోశారు. నీళ్లాయిల్‌లో నానిన క్లచ్ ప్లేట్లు ఉబ్బి జిగురు వదిలేస్తాయి. ముందు క్లచ్ కేబుల్‌కు కాస్త ఆట (వదులు) ఉందో లేదో చూడండి. ఉన్నా జారితే ప్లేట్లు మార్చాలి. కొత్తవి ఒక రాత్రి అదే ఆయిల్‌లో నానబెట్టి వేయండి. ఆ దించిన ఆయిల్ గెడ్డలో పోయకండి బాబూ, డబ్బాలో పట్టి నా షెడ్డుకి తెండి, పాత ఆయిల్ కొనేవాడు నెలకోసారి వస్తాడు.