పరిగె అంటే ఏ చేప?

ప్రశ్న (గుంటూరు): అనువాదంలో ఒక రంగు చేప వచ్చింది, వేలెడంత. మూలంలో పెతియా టిక్టో. పాత పుస్తకంలో బార్బస్, ఇంకోదాంట్లో పుంటియస్. మూడూ ఒకటేనా? పరిగె అని రాసేస్తే చాలదా?

విజయవాడ: ఒకటేనండీ. స్కాట్లండ్ శాస్త్రవేత్త హామిల్టన్ 1822లో గంగ చేపల గురించి రాస్తూ దీన్ని సిప్రినస్ టిక్టో అన్నాడు. తర్వాత చేపల శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే బార్బస్ అనే ప్రజాతిలో వేశాడు, తర్వాతివాళ్ళు పుంటియస్‌లో. 2012లో పుంటియస్‌ని విడగొట్టినప్పుడు పెతియా అయింది. ఇంటిపేరే మారింది, టిక్టో మారలేదు. అందుకే హామిల్టన్ పేరూ 1822 అన్న ఏడాదీ కుండలీకరణాల్లో పెట్టాలి. పెట్టకపోతే పెతియాలో వేసింది కూడా ఆయనే అనుకుంటారు.

పరిగె ఏ ఒక్కదాని పేరూ కాదు. గంపలో సోఫోర్ (పుంటియస్ సోఫోర్, దీని చుట్టం), టిక్టో కలిసే ఉంటాయి, అన్నీ పరిగెలే. పులుసుకి ఆ తేడా అక్కర్లేదు, అనువాదానికి కావాలి.

తెనాలి: రంగుని నమ్మొద్దు. ఎరుపు మగదానికి, అదీ గుడ్ల కాలంలో. చేపని నిలవ ఉంచే ఫార్మలిన్ మందులో వేస్తే రంగు పోతుంది, నల్ల మచ్చ నిలుస్తుంది. టిక్టోకి మొప్ప వెనక చిన్న మచ్చ, తోకకి కాస్త ముందు పెద్దది. సోఫోర్‌కి వెన్నురెక్క మొదట్లో ఒకటి, తోక మొదట్లో ఒకటి. అక్వేరియం షాపుల్లో అమ్మే రోజీ బార్బ్ (ఇదీ పెతియానే) చేపకి తోకవైపు ఒక్కటే. మచ్చ చెదిరితే వెన్నురెక్క ముల్లుని భూతద్దంతో చూడండి. వెనకంచు రంపంలా ఉంటే పెతియా, నున్నగా ఉంటే సోఫోర్. ముల్లు విరిగిన చేపతో తేల్చకండి.

గుంటూరు: మరి బేడిస?

విజయవాడ: అది కావ్యాల మాట, ఆడవాళ్ళ కళ్ళకి పోలిక. సంస్కృతంలో శఫరి. బెంగాలీ నోట శొఫొరి, హామిల్టన్ చేతిలో సోఫోర్. కాబట్టి టిక్టోకి బేడిస అనకండి. పుంటియస్ కూడా బెంగాలీ ‘పుఁటి’యే. పెతియా సింహళం, అక్కడ ఇలాంటి చిన్న చేపలకి వాడే మాట. వాళ్ళ పరిగెలు శాస్త్రంలోకెక్కాయి, మనది గంపలోనే ఉండిపోయింది! ‘రెండుమచ్చల పరిగె’ అని రాసి పక్కన శాస్త్రనామం ఇవ్వండి.

తెనాలి: సోఫోర్‌కీ రెండు మచ్చలే కదండీ. ‘మొప్పమచ్చ పరిగె’ అంటే తికమక ఉండదు. ఇంకోటి, ‘పరిగె ఏరుతున్నారు’ అని రాయకండి. మన జిల్లాలో అది కోతలయ్యాక చేలో రాలిన వెన్నులు ఏరుకోవడం. చేపలకి ‘పరిగెలు పడుతున్నారు’ అనండి.