ప్రకాశం పంతులుగారు సొలిసిటరా, బారిస్టరా?

ప్రశ్న:
టంగుటూరి ప్రకాశం పంతులుగారిపై హైస్కూలు పిల్లల కోసం ఒక వ్యాసం రాస్తున్నాను. నేను చదివిన వాటిలో ఒకచోట ఆయన్ను ప్లీడరనీ, మరొకచోట బారిస్టరనీ, ఇంకొకచోట సొలిసిటరనీ రాశారు. ఈ మూడూ ఒకటేనా? ఆ వృత్తి ఆయన రాజకీయ జీవితంలో ఎక్కడైనా అక్కరకు వచ్చిందా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1:
మూడూ వేర్వేరండీ. కక్షిదారుతో మాట్లాడి, కాగితాలు సిద్ధం చేసి, వ్యాజ్యాన్ని బారిస్టరుకు అప్పగించేవారు సొలిసిటరు. హైకోర్టులో వారిని అటార్నీ అనేవారు. న్యాయమూర్తి ఎదుట నిలబడి వాదించడం బారిస్టరు పని. ప్రకాశంగారు సొలిసిటరు కారు. రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా, అంటే కింది కోర్టుల్లో వాదించే వకీలుగా, మొదలుపెట్టి మంచి పేరు తెచ్చుకున్నారు గానీ, ఆ హోదా ఉన్నవారికి హైకోర్టులో వాదించే అర్హత ఉండేది కాదు. ఆ ఊరి పురపాలక సంఘానికి అధ్యక్షులైన తరువాత కూడా ఆ అడ్డుగోడ అలాగే ఉండిపోవడంతో, 1904లో ఇంగ్లండు వెళ్లి, బారిస్టరై తిరిగివచ్చి, 1907లో మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు.

జవాబు 2:
పై వివరణతో ఏకీభవిస్తూ రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను. అంత కష్టపడి సంపాదించుకున్న ప్రాక్టీసును ఆయన 1921లో సహాయ నిరాకరణోద్యమం కోసం వదులుకుని, ఆ ఏడాదే స్వరాజ్య పత్రికను స్థాపించారు. 1928లో సైమన్ కమిషన్ బహిష్కరణ నాడు మద్రాసులో తుపాకులకు గుండె చూపిన ఘట్టాన్ని అందరూ రాస్తారు, రాయవలసిందే. అయితే ఆయనలోని న్యాయవాది నాకు స్పష్టంగా కనిపించేది జమీందారీ విచారణ సంఘం నివేదికలో. 1937లో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రిగా ఆ సంఘానికి అధ్యక్షత వహించారు. 1802 నాటి శాశ్వత శిస్తు నిర్ణయం (జమీందారులు ప్రభుత్వానికి కట్టవలసిన భూమిపన్నును శాశ్వతంగా స్థిరపరచిన ఏర్పాటు) జమీందారుకు కట్టబెట్టింది శిస్తు వసూలు చేసే హక్కునే తప్ప భూమిని కాదనీ, భూమికి యజమాని రైతేననీ 1938లో ఆ నివేదిక తేల్చింది. మంత్రివర్గం 1939లో రాజీనామా చేయడంతో అప్పటికి అది చట్టం కాలేదు. మద్రాసులో జమీందారీలను రద్దుచేసే చట్టం 1948లో వచ్చింది. ఆయన ముఖ్యమంత్రి పదవుల కంటే ఈ నివేదికకే మీ వ్యాసంలో ఎక్కువ చోటివ్వమని నా మనవి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. సొలిసిటరన్న మాట తీసేస్తున్నాను. శిస్తు వసూలు హక్కుకూ భూమి హక్కుకూ ఉన్న తేడాను పిల్లలకు ఒక చిన్న ఉదాహరణతో చెప్పి, నివేదిక గురించి విడిగా ఒక భాగం రాస్తాను.