కాటా దగ్గర రోజూ తగువే, ఇద్దరినీ విడదీయాలా?

అడిగినది, అనంతపురం నుంచి:
మాది వేరుశనగ విత్తనశుద్ధి కేంద్రం. ఖరీఫ్‌కు ముందు కదిరి-6 రకం విత్తనం సంచులు కట్టే రోజుల్లో ఊపిరాడదు. నా కింద ఆరుగురు. జల్లెడ పట్టేవాళ్లతో, తాలుకాయలు ఏరేవాళ్లతో ఇబ్బంది లేదు. గొడవంతా కాటా దగ్గరుండే పెద్దాయనకూ, సంచి కుట్టే కుర్రాడికీ. ఆయన ప్రతి 30 కిలోల సంచినీ రెండుసార్లు తూస్తారు. నిరుడు 700 గ్రాములు తగ్గిందని ఓ రైతు ట్రాక్టరుతో సహా వెనక్కి వచ్చాడు, అది ఆయన మరిచిపోలేదు. కుర్రాడికేమో అర నిమిషం ఆగాలన్నా ప్రాణసంకటం. కుట్టు మిషన్ మీద వేళ్లతో దరువు వేస్తుంటాడు. మొన్న "నువ్వు తూచేలోపు సంచిలోనే మొలకలొస్తాయి తాతా" అన్నాడు. అందరూ నవ్వారు, ఆయన తప్ప. ఆ రోజు 40 సంచులు తగ్గాయి. ఇద్దరూ పనిమంతులే, అదే నా బాధ. ఒకే స్వభావం వాళ్లను పెట్టుకోవడం మేలా?

జవాబు, కర్నూలు నుంచి:
ఎంబీఏ పిల్లలకు ఈ పాఠమే చెబుతాను మేడమ్. నిదానం, తొందర కలిసి ఉండటం చేటు కాదు. ఇద్దరూ తొందరవాళ్లయితే ఆ ట్రాక్టరు రోజూ వస్తుంది! చూడాల్సింది సర్దుకుపోయే గుణం. జట్ల పనితీరు మీద అంతకుముందు జరిగిన పరిశోధనలను కలిపి మనస్తత్వ పరిశోధకురాలు సుజాన్ బెల్ 2007లో లెక్కగట్టారు. నిజమైన పనిచోట్ల ఈ గుణంలో జట్టు సగటు ఒక్కటే కాదు, అందరిలోకీ తక్కువ సర్దుబాటు ఉన్న మనిషి ఎంత తక్కువ అన్నది కూడా ఫలితంతో గట్టిగా ముడిపడి కనిపించింది. ప్రయోగశాలలో కూర్చోబెట్టిన జట్లలో అది అంతగా లేదు. కుర్రాడి వేగాన్ని వదిలేసి నోటిని పట్టించుకోండి. పదిమందిలో కాదు, పక్కకు పిలిచి చెప్పండి.

జవాబు, కడప నుంచి:
సారు చెప్పింది నిజమే కానీ, గుణాలు కొలుస్తూ కూర్చుంటే ఖరీఫ్ దాటిపోతుంది. మాది బండల పాలిష్ పని. కోసేవాడి కోసం పాలిష్ పట్టేవాడు కాచుకుని కూర్చుంటే మా దగ్గరా ఇదే రభస. మధ్యలో పది బండలు నిలవ ఉంచడం మొదలుపెట్టాక ఒకరి కోసం ఒకరు చూడటం లేదు. మీ పెద్దాయనను అరగంట ముందు రమ్మనండక్కా.

అడిగినవారు, నాలుగు రోజుల తర్వాత:
రమ్మన్నాను. కుర్రాడు వచ్చేసరికి ఎనిమిది సంచులు తూచి సిద్ధంగా ఉంటున్నాయి. దరువు ఆగింది, సంచుల లెక్క మామూలుకు వచ్చింది. పక్కకు పిలిచి మాట్లాడాను కూడా. ఇప్పుడు "తాతా" అనడం మాని "సార్" అంటున్నాడు. అది మర్యాదో వెటకారమో నాకూ తెలియడం లేదు, ఆయనకూ తెలియడం లేదు.