సమస్యాపూరణం: తెగువ లేనివాఁడె ధీరుఁడగును

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య, దీన్నే చివరి పాదంగా పెట్టి పద్యం పూరించాలి:

"తెగువ లేనివాఁడె ధీరుఁడగును"

తెగువ ముందు ఏదో ఒక చెడ్డపని తగిలించి గట్టెక్కే దారి అందరికీ కనిపిస్తుంది. ఆ దారి తప్పించి వచ్చినవారికే నా మెప్పు.

మధుకోశం:
పరుల సొమ్ము దోఁచఁ బనివడి యుఱికెడి
కడిఁది సాహసంబు గలుగనేమి
చెఱుపుఁ జేయ నెంచి చే సాఁచుటకు నైనఁ
దెగువ లేనివాఁడె ధీరుఁడగును.

నిర్వాహకుడు:
వద్దన్న దారినే వచ్చారు, అయినా మెచ్చుకోక తప్పడం లేదు. సాహసానికి పాత అర్థం పట్టుకున్నారు. మనువు లెక్కించిన 18 వ్యవహార పదాల్లో, అంటే వ్యాజ్యాల రకాల్లో, సాహసం ఒకటి. ఎదుటపడి బలవంతంగా చేసిన దోపిడికి అది పేరు. ఇప్పుడు మనం శాలువా కప్పే మాటకు అప్పట్లో దండన ఉండేది. ఆ పక్కన దుస్సాధ్యమనే అర్థంలో "కడిఁది" ఎంత ఒద్దికగా కూర్చుందో!

తెల్లకాగితం:
లోతు చూడకుండ లోయలోఁ దూఁకుట
సాహసమ్ము కాదు చచ్చు పనియె
తాడు కట్టుకొనక తటాలున దిగెడి
తెగువ లేనివాఁడె ధీరుఁడగును.

గణపాఠి:
లోయ అంచున నిలబడి తాడు ముడి సరిచూసుకుంటున్న మనిషి కళ్లకు కట్టాడు. కానీ "తటాలున" ఆ చోట రావలసిన ఇంద్రగణం (గురులఘువుల కూర్పు) కాదు. లఘువు వెంటనే గురువు పడింది, పాదం అక్కడే కూలింది. "తటుకున దిగునట్టి" అంటే యతీ నిలుస్తుంది, గణాలూ కుదురుతాయి. తెల్లకాగితం గారికి మూడో పాదంలో తొందర కొత్త కాదు.

తెల్లకాగితం:
గణాల మీద ఉన్న పట్టు భావం మీద కూడా ఉండాలి కదా! ఇదివరకు "పిఱికి గుండెలోనఁ బిడుగు పుట్టె" అన్న సమస్యకు గణపాఠి గారు హనుమంతుణ్ణి తెచ్చారు. సముద్రం ఒడ్డున ఆయన మౌనంగా కూర్చున్నాడే గాని భయపడలేదు. తన బలం తాను మరిచినవాడు పిరికివాడు ఎలా అవుతాడు? ఆ పద్యాన్ని ఎవరూ ప్రశ్నించకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

పాతచెట్టు:
ఆ ఒడ్డునే అంగదుడు కూడా ఉన్నాడు, ఆయనను ఇద్దరూ మరిచారు. నూరు యోజనాలు దాటగలను, తిరిగి రాగలనో లేదో అన్నాడు. తెగువ "తెగు" నుంచి పుట్టిన మాట. తిరుగుదారిని తెంచుకున్నవాడిది తెగువ. తిరుగుదారి గురించి అందరి ముందూ నోరు విప్పి అడిగినవాడిది ధీరత్వం. మనసు చలించడానికి కారణం ఎదుట ఉన్నా చలించనివారే ధీరులని కాళిదాసు చెప్పాడు. ఈ సమస్యకు అసలైన నాయకుడు అంగదుడే. ఎవరైనా పద్యంలో పెట్టండి.

గణపాఠి:
హనుమంతుడి మాట మరోసారి తేల్చుకుందాం. ఇది నా పూరణ. ఇందులో ఉత్తరుడు విరాటరాజు కొడుకు, నరుడంటే అర్జునుడు.

పాఱిపోవు నట్టి బాలు నుత్తరుఁ బట్టి
పగ్గ మిచ్చి నరుఁడు భయము దీర్చె
తెలియఁ జెప్పువాఁడు తేరిపై నొకఁడున్న
తెగువ లేనివాఁడె ధీరుఁడగును.

నిర్వాహకుడు:
ఇదీ నేను ఎదురుచూసినది! అందరం "తెగువ" దగ్గరే ఆగిపోయాం, ఈయన "అగును" దగ్గరకు వెళ్లారు. ధీరుడై ఉండడం వేరు, ధీరుడు కావడం వేరు. తెగువకు అర్థం మార్చలేదు, చెడ్డపని తగిలించలేదు, పాదం మొత్తం అలాగే ఉంది.

మధుకోశం:
తేరు మీద ఒకడుండడం చాలా బాగుంది. చొరవ చాలామందికి అలాగే వస్తుంది, పక్కనున్నవాడి గొంతు విని.

తెల్లకాగితం:
పద్యం బాగుంది, కాదనను. కానీ "వాఁడె" అంటే వాడు మాత్రమే అని కదా! ఈ భావానికి "వాఁడైనా" కావాలి. తెగువ ఉన్నవాడు ధీరుడు కాలేడని చెప్పినట్టయింది.

గణపాఠి:
ఫలానావాడే అని వేలెత్తి చూపడానికి కూడా ఆ ఎకారం వస్తుంది. రథం దిగి పరుగెత్తినవాడే, కాసేపటికి కౌరవసేన మధ్యకు రథం తోలాడు. వేరెవరో కాదు, వాడే.

నిర్వాహకుడు:
ఆ అర్థం చెల్లుతుంది, పద్యం ఉంచుతున్నాను. తెల్లకాగితం గారూ, మూడో పాదం సవరించి పంపండి, లోయ పద్యాన్నీ దీని పక్కనే పెడతాను. అంగదుడి కోసం రేపటి దాకా ఆగుతాను.